మీకేమవుతాడు?

గది నుంచి,
వానలు మొదలైన వారం

వదినకు,

నువ్వు కుట్టి పంపిన పని చొక్కాలు అందాయి. భుజాల దగ్గర కాస్త బిగుతు. తప్పు నీ కత్తెరది కాదు, ఆసుపత్రి దోభీఖానాలో చేరాక నా భుజాలే పెరిగాయి.

పని ఎలా ఉంటుందని అడిగావు. మామూలు బట్టలు ఒక బండిలో వస్తాయి, రక్తం మరకలవి ఎర్ర సంచుల్లో వస్తాయి. కొత్తదాన్ని కాబట్టి ఎర్ర సంచులు విప్పడం నా వంతు. ఉతికి, ఆరబెట్టి, రోలర్ల మధ్య నుంచి లాగాక మడత బల్ల దగ్గరికి తెస్తాం. దుప్పటి మడవడం ఇద్దరి పని. చెరో రెండు కొసలు పట్టుకుని, విదిలించి, ఒకరికొకరు ఎదురు నడిచి కొసలు కలపాలి. నాకెదురు నిలబడేది ఒక పెద్దావిడ. అందరూ పిన్ని అంటారు. "కొస జారిందంటే నీ జుట్టు పట్టుకుని మడుస్తా" అంటుంది. పనితనం మాత్రం బంగారం.

టీచరు బాగుంది. ఆమెతో ఒకే గదిలో ఉంటున్నది అద్దె కలిసొస్తుందని కాదని నీకొక్కదానికే తెలుసు. అందుకే ఇంకో సంగతి కూడా రాస్తున్నాను. ఆదివారాలు మేమిద్దరం ఒక బోర్డుల పెయింటరు షెడ్డు మీది గదికి వెళుతున్నాం. మాలాంటి వాళ్ళు పది మంది దాకా వస్తారు. ఆడవాళ్ళను ఇష్టపడే ఆడవాళ్ళు, మగవాళ్ళను ఇష్టపడే మగవాళ్ళు. టీ తాగుతాం, పేకాడుకుంటాం, వారమంతా దాచుకున్న మాటలు మాట్లాడుకుంటాం. అక్కడ ఒకటే కట్టుబాటు. పేరు అడగకూడదు, ఇల్లెక్కడని అడగకూడదు. ఒకడు పట్టుబడితే వాడి నోటి నుంచి రెండోవాడి పేరు రాకూడదని వాచీలు బాగుచేసే ఒకాయన పెట్టాడు. ఆయన్ని గడియారం అంటాం. ఎత్తైన ఆఫీసులో లిఫ్టు నడిపేవాడు లిఫ్టు. నేను మడత.

మీ మడత

◆

మిల్లు క్వార్టర్ల నుంచి

మడతకు,

ఆ పేరు పెట్టినవాళ్ళెవరో గానీ నిన్ను బాగానే కనిపెట్టారు. చిన్నప్పుడే మీ అన్న పెట్టాడు నీకు, మడతపేచీ అని.

చొక్కాలు తిప్పి పంపు, భుజాలు వదులు చేస్తాను. ఇక్కడ బడి యూనిఫారాల పని నెత్తి మీద ఉంది. ఆ కాలర్లు కుట్టి కుట్టి కలలో కూడా నీలం గుడ్డే కనిపిస్తోంది. మీ అన్నను షిఫ్టు సూపర్‌వైజరుగా వేస్తారని మాట. ఇంకా కాయితం రాలేదు గానీ నడక అప్పుడే మారింది.

ఆదివారాల సంగతి చదివాను. సంతోషించాలో భయపడాలో తెలియక రెండూ చేశాను. గోడకు చెవులుంటాయి పిల్లా. పది మంది ఉన్నచోట ఒక నోటిలోనైనా నువ్వుగింజ నానదు. పేర్లు అడగొద్దన్న ఆ పెద్దమనిషికి నా తరఫున నమస్కారం చెప్పు. మీలో బుర్ర ఉన్నది ఆయనొక్కడికే.

నీ రూమ్మేటును అడిగానని చెప్పు. ఆమెకు కూడా ఒక చొక్కా కుడతాను, కొలతలు పంపు. నువ్వు తీయకు, వంకర తీస్తావు.

వదిన

◆

గది నుంచి,
వానల నడుమ

వదినా,

గడియారం చనిపోయాడు.

జరిగింది జరిగినట్టు రాస్తాను. మార్చురీకి ఉతికిన దుప్పట్లు ఇచ్చి రావడం వంతుల వారీగా చేస్తాం. ఈసారి నా వంతు. అక్కడి అటెండరు ఒక్కడే ఉన్నాడు. "ఓ చెయ్యి వెయ్యమ్మా, కప్పుదాం" అన్నాడు. రెండు కొసలు నేను పట్టుకున్నాను, రెండు అతను. ముఖం మీదికి లాగుతున్నప్పుడు చూశాను. కుడి కన్ను చుట్టూ గుండ్రంగా ఒక నొక్కు ఉంది. వాచీ పనివాళ్ళు కంటికి అద్దం బిగించుకుంటే పడే నొక్కు అది. దవడ పగిలి ఉంది. రెండు చేతుల వేళ్ళూ వాచి ఉన్నాయి.

"తెలిసినవాడా?" అన్నాడు అటెండరు.

"కాదు" అన్నాను.

రైల్వే యార్డు వెనక దొరికాడట. అక్కడికి మగవాళ్ళు ఎందుకు వెళతారో ఊరందరికీ తెలుసు. వంతెన మెట్ల మీద నుంచి జారాడని పోలీసులు రాసుకున్నారు. జేబులో ఏమీ లేదు. ఎవరూ రాకపోతే గడువు దాటాక ఊరి చివర అనాథ శవాలతో కలిపి పూడుస్తారు. అడిగేవాళ్ళు లేని శవానికి కేసు కూడా ఉండదని అటెండరే చెప్పాడు.

నేను బయటికి వస్తుంటే మార్చురీ ఆఫీసరు లోపలికి వస్తున్నాడు. ఎవరైనా వచ్చారా అని అటెండరు అడిగాడు. "ఇలాంటోళ్ళ కోసం ఎవరొస్తార్రా? వచ్చి నేను ఫలానా అని చెప్పుకోవాలి కదా" అన్నాడు ఆఫీసరు. కోపంగా కాదు. వాన పడుతోంది అన్నట్టు అన్నాడు.

ఆదివారం షెడ్డు మీద ఈ మాటలు చెప్పాను. కొందరు ఏడ్చారు. కొందరు అప్పుడే చెప్పులు వేసుకున్నారు. పెయింటరు మాత్రం, "ఆ ఆఫీసరు అన్నది గడియారం గురించి కాదు, మనందరి గురించి" అన్నాడు. వెళ్ళి తెచ్చుకుందామన్నాడు. పేరేమని అడుగుతారు కదా అంది టీచరు.

అప్పుడు తెలిసింది. ఆయన టీలో చక్కెర వేసుకోడని తెలుసు. వాళ్ళమ్మకు మోకాళ్ళ నొప్పులని తెలుసు. అందరి వాచీలూ ఆయన చేతి మీదుగా వెళ్ళాయి. ఆయన పేరు ఒక్కరికి కూడా తెలియదు.

మడత

◆

మిల్లు క్వార్టర్ల నుంచి

పిల్లా,

ఆ మనిషికి అలా జరగాల్సింది కాదు. నీ ఉత్తరం చదివాక కుట్టుమిషను ముందు కూర్చుని ఒక కాలరు తిరగేసి కుట్టాను. విప్పి మళ్ళీ కుట్టాను.

కానీ నువ్వు కాదన్నావు చూడు, అది మంచి పని. అక్కడే ఆగు. పోయినవాడికి ఏ గొయ్యి అయితేనేం? ఉన్నవాళ్ళ సంగతి చూసుకోవాలి. కొరివితో తల గోక్కోకు.

మీ అన్న కాయితం ఈ నెలలో వస్తుందట. వస్తే రెండు గదుల క్వార్టరు ఇస్తారు. నీ ఉత్తరాలు ఆయనకు చూపించడం లేదు. చదివి పొయ్యిలో వేస్తున్నాను. నువ్వు కూడా నావి ఉంచకు.

వదిన

◆

గది నుంచి,
ఎండ కాసిన వారం

వదినా,

నీవి ఉంచుకుంటున్నాను. కోప్పడకు.

పేరు దొరికింది. లిఫ్టు చేతివాచీ ఆగిపోతే బజారులో ఇంకో వాచీ పనివాడికి చూపించాడు. అతను వెనక మూత తీసి, "ఇది ఫలానా దుకాణంలోవాడి చేయి" అన్నాడట. వాచీ బాగుచేసినవాడు మూత లోపల సూదితో తన గుర్తు గీస్తాడు. పెట్టుకునేవాళ్ళకు అది కనబడదు. మళ్ళీ ఎవరైనా మూత తీస్తేనే తెలుస్తుంది. మేమందరం మా వాచీలు తీసి చూసుకున్నాం. అన్నిటిలోనూ అదే గీత, చేప తోకలా. మనం పేర్లు దాచుకుంటుంటే ఆయన మాత్రం మన చేతులకు సంతకం పెట్టి వదిలాడని పెయింటరు అన్నాడు.

గుర్తు పట్టుకుని ఆయన పనిచేసిన దుకాణానికి వెళ్ళాం. యజమాని పేరు చెప్పాడు, ఆయన సొంతూళ్ళో ఉన్న అన్నగారి ఫోను నంబరు ఇచ్చాడు. పెయింటరు ఫోను చేశాడు. అవతలి మనిషి అంతా విన్నాడు. "మాకు అలాంటివాడు ఎవరూ లేడు" అన్నాడు. పెట్టేసే ముందు, "అమ్మకు చెప్పకండి" అన్నాడు.

ఇక మిగిలింది మేమే. రక్తసంబంధం వద్దంటే, మావాడని చెప్పేవాళ్ళు నలుగురు కావాలట. నలుగురూ పేరూ, పనీ, చిరునామా చెప్పి సంతకాలు పెట్టాలి. ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పుకోవడానికి ఆ పేర్లు ఆసుపత్రి గేటు బోర్డు మీద అంటిస్తారు. నేను రోజూ వెళ్ళే గేటే అది.

షెడ్డు మీదికి ఇప్పుడు వస్తున్నది పెయింటరు, లిఫ్టు, నేను, టీచరు. మిగతావాళ్ళు ఆ ఆదివారం నుంచి రాలేదు. తప్పు పట్టడానికి లేదు. వాళ్ళ ఇళ్ళూ ఇళ్ళే.

టీచరు రానంది. "పిల్లలకు అక్షరాలు దిద్దించడం తప్ప నాకింకో పని రాదు" అంది. అది నిజం. నేను ఈ గది చిరునామా చెబితే ఆమె చిరునామా కూడా చెప్పినట్టే. అది కూడా ఆమెకే ముందు తట్టింది. నిన్న రెండు సంచులు సర్దుకుని ఉద్యోగినుల హాస్టలుకు వెళ్ళింది. పోట్లాడలేదు. "ఇప్పుడు నువ్వు చిరునామా చెప్పుకోవచ్చు" అంది. గుమ్మం దగ్గర తాళం చెవి నా చేతిలో పెట్టింది.

ఎవరినైనా బతిమాలి నాలుగో మనిషిగా తెస్తానని లిఫ్టు అన్నాడు. పెయింటరు ఒప్పుకోలేదు. "కిరాయి మనిషిని పెట్టి మావాడంటే, ఆఫీసరు అన్న మాట నిజమైనట్టే" అన్నాడు. గడువు ఆఖరి రోజైన వచ్చే సోమవారం వెళుతున్నాం, ముగ్గురమే.

మడత

◆

మిల్లు క్వార్టర్ల నుంచి

నువ్వు వెళ్ళకు.

ముగ్గురు వెళితే ఎలాగూ ఇవ్వరు. ఇవ్వని శవం కోసం పేరు పోగొట్టుకోవడం ఏం తెలివి? నీ పేరొక్కటే కాదు అది. దాని ముందు ఇంటిపేరుంది. ఆ ఇంటిపేరే మీ అన్న మిల్లు కార్డు మీద ఉంది, మా తలుపు మీద ఉంది. నీ పెళ్ళి మాట ఎత్తిన ప్రతిసారీ ఆయన నోరు మూయించింది నేను. ఇన్నేళ్ళు అడ్డం నిలబడ్డాను. గేటు బోర్డుకు అడ్డం నిలబడలేను.

నీ రూమ్మేటు తెలివైనది. ఆమెను చూసి నేర్చుకో.

ఈ ఉత్తరం నీకు సోమవారంలోగా అందుతుందో లేదో. అందాలనే రాస్తున్నాను.

వదిన

◆

గది నుంచి,
ఆ పని అయిపోయాక

వదినా,

నీ ఉత్తరం ముందే అందింది. చదివే వెళ్ళాను.

ఆఫీసరు గదిలో కుర్చీలు రెండే ఉన్నాయి. ఎవరం కూర్చోలేదు. గడియారం అసలు పేరు చెప్పాం, అన్నగారు వద్దన్న సంగతి చెప్పాం. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, "మీకేమవుతాడు?" అన్నాడు.

"మావాడండీ" అన్నాడు పెయింటరు.

"మావాడంటే? అన్నా? తమ్ముడా? మేనత్త కొడుకా?"

"మావాడు."

"ఏ వరసన అని అడుగుతున్నాను."

"ఆ వరసకి పేరు లేదు సార్" అన్నాడు లిఫ్టు. "మీరేదైనా పెడితే సంతోషం."

అటెండరు దగ్గినట్టు చేసి నవ్వు మింగాడు. ఆఫీసరు నవ్వలేదు. పేర్లు అడిగాడు. ముందు పెయింటరు చెప్పాడు, తరవాత లిఫ్టు. ఇన్నాళ్ళుగా ఒకే గిన్నెలోంచి టీ పోసుకుంటున్నాం, వాళ్ళ పేర్లు ఆ గదిలోనే మొదటిసారి విన్నాను. లిఫ్టు పేరు విని పెయింటరు తల తిప్పి చూశాడు. ఆ పేరు అతనికి అస్సలు నప్పలేదు. తరవాత నా పేరు చెప్పాను, ఇంటిపేరుతో సహా. నీ ముఖం కళ్ళ ముందు మెదిలింది. అయినా చెప్పాను.

"ముగ్గురే ఉన్నారు" అన్నాడు ఆఫీసరు.

"నలుగురం" అంది టీచరు, గుమ్మం దగ్గర నిలబడి. బడికి వెళ్ళే బట్టల్లో ఉంది. వేళ్ళకు ఇంకా సుద్ద ఉంది.

పేరు చెప్పింది. బడి పేరు చెప్పింది. చిరునామా అడిగితే హాస్టలుది చెప్పలేదు, మా గదిది చెప్పింది.

"టీచరా? పిల్లలకు చెబుతావా?" అన్నాడు ఆఫీసరు. అప్పటిదాకా మీరు అంటున్నవాడు నువ్వులోకి దిగాడు.

"రెండో తరగతికి. ఇవాళ పొద్దున ఒక పాఠం చెప్పి సెలవు పెట్టి వచ్చాను."

"ఏం కారణం రాశావు?"

"మావాడు పోయాడని."

సంతకాలు పెట్టాం. ఎందుకొచ్చావని బయట అడిగాను. పాఠం మధ్యలో ఒక పిల్లాడు టైమెంతయిందని అడిగాడట. చెయ్యి తిప్పి వాచీ చూసుకుంది. అంతే చెప్పింది.

పెయింటరు బోర్డులు మోసే బండి మీద తీసుకెళ్ళి పూడ్చాం. గుర్తుగా చెక్క పలక మీద ఆయన అసలు పేరు పెయింటరే రాశాడు. ఊరంతా ఇతని చేతి అక్షరాలే ఉన్నాయి, అంత వంకరగా రాసింది ఎక్కడా చూడలేదు.

దెబ్బల గురించి పోలీసులకు ఫిర్యాదు కూడా ఇచ్చాం. తీసుకున్నారు.

మడత

◆

గది నుంచి,
చలి మొదలయ్యాక

వదినా,

నీ దగ్గర నుంచి జవాబు లేదు. ఇక్కడి సంగతులు రాస్తాను.

గేటు బోర్డును ఎవరో ఫోటో తీశారు. పేపర్లో వేశారు. నలుగురి పేర్లూ, పనులూ, వీధులతో సహా పడ్డాయి. టీచర్ను బడికి రావద్దన్నారు. కారణం రాసి ఇమ్మంటే, ఇవ్వం పొమ్మన్నారు. లిఫ్టు ఆఫీసులో జనం అతనితో పాటు ఎక్కడం మానేసి మెట్లెక్కి వెళుతున్నారు. "పొట్టలు తగ్గుతాయిలే" అన్నాడు. తరవాతి వారం అతన్ని తీసేశారు. పెయింటరు షెడ్డు తలుపు మీద ఏదో రాశారు. అక్షరం బాగోలేదని చెరిపి, అదే మాట తన చేత్తో అందంగా రాసి ఉంచాడు.

ఫిర్యాదు మూసేశారు. మెట్ల మీద నుంచి జారాడనే తేల్చారు.

నన్ను తీసేయలేదు. దయ కాదు, ఎర్ర సంచులు విప్పడానికి మనుషులు దొరకరు. కానీ మడత బల్ల దగ్గర పిన్ని నాకెదురు నిలబడడం మానేసింది. "నా కూతురికి సంబంధాలు చూస్తున్నానే, ఏమనుకోకు" అంది. ఇంకెవరూ రాలేదు. గోడకు రెండు మేకులు కొట్టుకున్నాను. రెండు కొసలు వాటికి తగిలించి, ఈ కొసల నుంచి నేను నడుస్తున్నాను. దుప్పటి మడత పడుతుంది. నీటుగా రాదు.

నీ మీద కోపం లేదు. ఒక్క ముక్క రాస్తే చాలు.

మడత

◆

దారాల దుకాణం నుంచి

మడతకు,

ఇక మీదట ఈ చిరునామాకే రాయి. దుకాణం ఆవిడ నా చేతికే ఇస్తుంది. క్వార్టరుకు నీ ఉత్తరాలు రాకూడదని మీ అన్న ఆజ్ఞ. నువ్వు రాసిన ఆఖరిది నేను చూడకముందే చించేశాడు. ముక్కలు ఏరి బల్ల మీద పేర్చుకుని చదివాను. గుడ్డ ముక్కలు అతికేదాన్ని, కాయితం ఒక లెక్కా?

పేపరు ఇక్కడికి కూడా వచ్చింది. నీకు చెప్పలేదు. మిల్లువాళ్ళు నలుగురు మా వరండాలోకి వచ్చి, ఇంటిపేరు మీద వేలు పెట్టి, "ఈవిడ మీకేమవుతుంది?" అని మీ అన్నను అడిగారు. "మాకేమీ కాదు. ఇంటిపేరు కలిస్తే ఇల్లు కలుస్తుందా?" అన్నాడు. నేను లోపల మిషను తొక్కుతున్నాను. తొక్కడం ఆపలేదు. కాయితం ఆ వారమే వచ్చింది. ఆయన ఇప్పుడు సూపర్‌వైజరు. రెండు గదుల ఇంట్లో ఉంటున్నాం. చెరో గది.

నెలలుగా నీకు రాయలేదు. ఏమని రాయాలి?

మొన్న యూనిఫారాల కొలతలకు ఒకావిడ ఇద్దరు పిల్లల్ని తీసుకొచ్చింది. చిన్నదాని చేయి పొడవు చూస్తున్నాను. ఆవిడ అదే అడిగింది. అడగాలనే వచ్చినట్టుంది. "పేపర్లో పడిందే, ఆవిడ మీకేమైనా అవుతుందా?"

నేను టేపు తీయకుండానే, "మా ఆడపడుచు" అన్నాను.

ఆవిడ పిల్లల్ని లాక్కుని వెళ్ళిపోయింది. సాయంత్రానికి ఇంకో ఇద్దరు గుడ్డ వెనక్కి తీసుకున్నారు. మీ అన్న వచ్చాడు. అన్నం తిని తన గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాడు. ఇంతవరకు మాట్లాడలేదు.

టీచరు కొలతలు ఇంకా పంపలేదు నువ్వు. పంపు. ఇప్పుడు నాకు తీరిక ఎక్కువే. ఆమెను నన్ను వదినా అని పిలవమని చెప్పు. మీ లిఫ్టు అన్నట్టు కాదు, ఈ వరసకి పేరుంది.

వదిన

◆

గది నుంచి

వదినా,

కొలతలు ఈ చీటీ వెనక ఉన్నాయి. ఆమే తీసుకుంది, నన్ను టేపు ముట్టుకోనివ్వలేదు. కింద తన చేత్తో ఒక మాట రాసింది, చూడు.

ఆమె ఇప్పుడు దోభీఖానాలోనే రోజు కూలికి వస్తోంది. నా దుప్పటి రెండో వైపు కొసలు తనే పట్టుకుంటోంది. మొదట్లో జారవిడిచేది. ఇప్పుడు ఫరవాలేదు. మేకులు పీకేశాం.

నిన్న మార్చురీ అటెండరు కబురు పెట్టాడు. "మీవాడేమో ఒకసారి చూసుకోండి" అన్నాడు. యార్డు వెనకే దొరికాడట. చిన్న వయసు. అవే దెబ్బలు. నలుగురం వెళ్ళాం. దుప్పటి తీసి చూశాం. మాలో ఎవరూ అతన్ని ఎప్పుడూ చూడలేదు. మావాడో కాదో కూడా తెలియదు. చెప్పేవాడు చెప్పే స్థితిలో లేడు.

"వీడి కోసం ఇంకెవరైనా వచ్చారా?" అని పెయింటరు అడిగాడు. లేదన్నాడు అటెండరు. గడువు రేపటితో సరి.

టీచరు కొసలు రెండూ సరిచేసి ముఖం మీదికి కప్పింది. మేం ఆఫీసరు గదిలోకి వెళ్ళాం. ఆయన మమ్మల్ని చూసి కలం తీశాడు. ఈసారి ఏమవుతాడని అడగలేదు.

"చెప్పండి, పేర్లు" అన్నాడు.

చెప్పాం.

మడత